బత్తాతో సహా

రాయచోటి తాలూకాలో ఒక మెట్ట పల్లె. సర్వజిత్తు సంవత్సరం, ఫాల్గుణ మాసం. దొరల క్యాలెండరులో 1888, కచేరీ లెక్కలో ఫసలీ 1297. ఇంకా మసకమసకగానే ఉంది. రచ్చకట్ట మీద నలుగురు కూర్చుని తూర్పుకేసి చూస్తున్నారు. గ్రామ మునసబు, తలారి, వెట్టివాడు, రాత్రే తాలూకా కచేరీ నుంచి వచ్చి మునసబు అరుగు మీద పడుకున్న బంట్రోతు. పొద్దు కొండ మీదికి రావాలి. అందాకా కదలకూడదు. 1864లో మద్రాసు సర్కారు చేసిన రెండో నంబరు చట్టం, అదే రెవిన్యూ రికవరీ చట్టం, జప్తు అనేది సూర్యోదయం అయ్యాక, సూర్యాస్తమయానికి ముందే జరగాలంటుంది. చీకట్లో రావడం దొంగల పని, సర్కారు పని కాదు.

పొద్దు పొడిచింది. నలుగురూ పంచెలు దులుపుకుని లేచారు. వాళ్ళ వెనకే మనమూ పోదాం.

వీధి చివర మట్టి మిద్దె. ముందు చిన్న కొట్టం, అందులో రెండు మేకలు, ఒకటి పాలది. రైతు అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఊళ్ళో ఇలాంటి కబురు కాగితం కంటే ముందే చేరుతుంది. అతనికి నేను పేరు పెట్టను. అతను ఫలానా మనిషి కాడు. చట్టంలోని సెక్షన్లనూ కోర్టు రుసుముల పట్టికనూ పక్కపక్కన పెట్టుకుని, అవన్నీ ఒకే మనిషి మీద వరసగా పడితే ఎలా ఉంటుందో చూడటానికి నేను వాకిట్లో నిలబెట్టిన మనిషి. అతని బాకీ, మేకల ధర, చిల్లర ఖర్చుల అంకెలు నావి. అతని మీద పడే నిబంధనలు మాత్రం అచ్చంగా సర్కారువి.

ఎనిమిది రూపాయల పట్టా. నాలుగు కిస్తీలు, కిస్తీకి రెండు. మొదటిది కట్టాడు. రెండోదీ మూడోదీ తప్పాయి. బాకీ నాలుగు రూపాయలు. పొద్దంతా కూలికి పోతే రెండణాలో మూడణాలో చేతికొచ్చే రోజుల్లో అరవై నాలుగణాలంటే నెల రోజుల కష్టం.

"నీ మింద నాకేం పగ లేదబ్బీ," అంటున్నాడు మునసబు. "పైనుంచి కాయితమొచ్చినాది. చేయకుంటే నా ఉద్యోగం పోతాది."

బంట్రోతు కాగితం చూపించాడు. బాకీదారు పేరు, బాకీ మొత్తం, అది ఏ తేదీకి కట్టవలసి ఉండిందో ఆ తేదీ. ఈ మూడూ రాసి ఉన్న కాగితం చేతిలో లేకుండా జప్తుకు రావడానికి వీల్లేదు. ఇప్పుడైనా డబ్బు చెల్లిస్తే అందరూ వెనక్కి తిరిగిపోతారు. రైతు ఏమీ అనలేదు. అతని భార్య గడపకు అడ్డంగా నిలబడింది.

ఆమె అక్కడ నిలబడటంలో చట్టానికి సంబంధించిన చిక్కు ఒకటుంది. జప్తుకు వచ్చినవాళ్ళు గొడ్ల కొట్టం, గాదె ఉన్న గది తలుపులు పగలగొట్టవచ్చు. ఇంటి వీధి తలుపు తీసి ఉంటే లోపలికి పోయి, లోపలి గది తలుపునూ పగలగొట్టవచ్చు. ఆడవాళ్ళు ఉండే గదిలోకి మాత్రం పోకూడదు. ఎంత మర్యాద! చట్టం రాసిన దొర మనసులో ఏదో నవాబు గారి హవేలీ మెదిలి ఉంటుంది. ఈ మిద్దెలో ఉన్నది ఒకటే గది. అందులోనే వంట, పడక, కొర్రల కుండ, బాలింత కూతురు. మునసబు గొంతు సవరించుకున్నాడు. "అమ్మీ, లోపలికి మేం రాం. నువ్వే తెచ్చి బయట పెట్టు." అలా రాగి బిందె ఆమె చేతుల మీదుగానే బయటికి వచ్చింది. ఎవరూ ఏ తలుపూ పగలగొట్టలేదు. చట్టం చక్కగా అమలయింది.

బంట్రోతు కాగితం వెనక జాబితా రాయించాడు. మేకలు రెండు, రాగి బిందె ఒకటి, ఉంచిన చోటు బందెలదొడ్డి పక్క కొట్టం. నకలు రైతు చేతికిచ్చారు. జప్తు బాకీకి మించి ఉండకూడదు కనుక దుప్పటి జోలికి పోలేదు.

ఇక్కడ మనం కొంచెం ఆగి మేకల వెంట పోదాం, ఎందుకంటే ఖర్చు మొదలయ్యేది అక్కడే. జప్తు చేసిన గొడ్డును పట్టుకున్నవాడు పనికి వాడుకోరాదు, కడుపు మాడ్చరాదు, వేళకు మేత వేయాలి. ఇదీ చట్టమే. చదివితే గొడ్ల మీద దయ అనిపిస్తుంది. తర్వాతి మాట చదవాలి. ఆ మేతకైన ఖర్చు సొంతదారు విడిపించుకునేటప్పుడు ఇచ్చుకోవాలి, లేదంటే వేలం డబ్బులోంచి మినహాయిస్తారు. తన కొట్టంలో ఉన్నన్నాళ్ళూ ఆ మేకలు తుమ్మకాయలు తిని బతికాయి. ఇప్పుడు సర్కారు లెక్కలో మేస్తున్నాయి, రోజుకింతని. పాలమేక సంగతి వేరే. పిండకుంటే పొదుగు వాచిపోతుందని తలారి పెళ్ళాం మరుసటి పొద్దున్నే చెంబు తీసుకుని బందెలదొడ్డి వైపు పోతూ కనిపించింది. దీనికి లెక్క రాసే పద్ధతి ఏదీ లేదు.

రచ్చకట్ట చివర ఒక ముసలాయన ఈ తతంగమంతా చూస్తున్నాడు. ఎడమ చేతి వేళ్ళు రెండు పూర్తిగా చాపలేడు. ఆయన వయసులో ఉన్నప్పుడు బాకీ వసూలుకు కాగితం ఉండేది కాదు, కిట్టి ఉండేది. రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నొక్కేవారు. కాదంటే మనిషిని వంచి, తల కాళ్ళకు ఆనేట్టు కట్టి, ఎండలో నిలబెట్టి, వీపు మీద రాయి పెట్టేవారు. మద్రాసులో వ్యాపారి గాజుల లక్ష్మీనరసు చెట్టి, ఆయన 1852లో పెట్టిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ దీని మీద గొడవ చేశారు. లండన్ నుంచి వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సేమూర్‌ను లక్ష్మీనరసు స్వయంగా జిల్లాల్లో తిప్పి చూపించాడు. పార్లమెంటులో ప్రశ్న లేచింది. 1854లో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘం వేశారు. వాళ్ళ ముందుకు 1,959 ఫిర్యాదులు వచ్చాయి. శిస్తు వసూలులో చిత్రహింస ఉన్నదని 1855 నివేదిక ఒప్పుకుంది. ఆ నివేదికలోని భాగాలను కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్క్ పత్రికలో ఎత్తి రాశాడు.

1855 నివేదిక వచ్చిన తొమ్మిదేళ్ళకు ఈ 1864 చట్టం. కిట్టి పోయి కాగితం వచ్చింది. ముసలాయన దీన్ని మెచ్చుకుంటాడు, నేనూ కాదనను. వేలు విరగడం కంటే బిందె పోవడం నయం. కానీ బాకీదారును లొంగదీసే పని ఆగలేదు, అది మరొక చేతికి మారింది. ఆ చెయ్యి ఎవరినీ కొట్టదు, తిట్టదు. తాను వేసే ప్రతి అడుగుకూ కూలి కట్టి, బాకీ కింద కలుపుతూ పోతుంది.

మేకల వేలం నాడు దండోరా వేశారు. దండోరా వేసినవాడికి కూలి. ఊరి జనం వచ్చి నిలబడ్డారు గాని పాట ఎవరూ పాడలేదు. ఊరోడి బిందె ఊరోడు కొంటే రేపు బావి దగ్గర మొహాలు చూసుకోవాలి కదా. పక్క ఊరి నుంచి వచ్చిన కసాయి రెండు మేకలనూ రెండు రూపాయల నాలుగణాలకు పాడాడు. బిందె పన్నెండణాలకు ఎవరో సంత వ్యాపారికి పోయింది. మొత్తం మూడు రూపాయలు. మేత, దండోరా, కాపలా కలిపి ఎనిమిదణాలు పోగా రెండున్నర బాకీలో జమ. మిగిలింది రూపాయిన్నర. ఈలోగా నాలుగో కిస్తీ గడువు దాటింది. రూపాయిన్నరా రెండూ మూడున్నర.

వడ్డీ గురించి ఒక మాట. బాకీ మీద సర్కారు వడ్డీ నూటికి ఏడాదికి ఆరు. సాహుకారు వడ్డీతో పోలిస్తే ఇది ధర్మవడ్డీ. నాలుగు రూపాయలకు మూడు నెలల వడ్డీ అణాకు ఒక పిసరు తక్కువే అవుతుంది. సర్కారు వడ్డీ వల్ల చితికిపోయిన రైతు ఒక్కడూ ఉండడు. వడ్డీ పట్టికలు చూసి అప్పటి పాలనను మెచ్చుకునేవాళ్ళు ఆ పక్క గడిలోని ఖర్చులు చూడరు.

ఇక సామాన్లు అయిపోయాయి, భూమి మిగిలింది. భూమిని జప్తు చేయాలంటే ముందు డిమాండు నోటీసు ఇవ్వాలి, అది 25వ సెక్షను. ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం బంట్రోతు మళ్ళీ వచ్చాడు. రైతు ఇంట్లో లేకుంటే ఇంట్లోని మగమనిషికి ఇవ్వవచ్చు, ఎవరూ లేకుంటే తలుపుకు అంటించవచ్చు. రైతు ఉన్నాడు. చదువు రాదు. కరణం గారి కొడుకు, పదేళ్ళవాడు, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి వినిపిస్తున్నాడు. బాకీ ఎంత, ఏ భూమికి, ఎవరి పేరిట, ఎన్నాళ్ళలో కట్టాలి. మధ్యలో పిల్లవాడు ఆగాడు.

"మామా, ఈడ బత్తా రెండణాలు అని ఉండాది."

"ఎవరికిరా బత్తా?"

"ఈ నోటీసు తెచ్చినాయనకు."

రైతు బంట్రోతు వైపు చూశాడు. బంట్రోతు ఆకాశం వైపు చూశాడు. నోటీసులో తెచ్చినవాడి బత్తా ఎంతో కూడా రాసి ఉండాలని అదే సెక్షను చెబుతుంది. నీ భూమి తీసుకుంటామని చెప్పడానికి వచ్చినవాడి నడక కూలి నీదే. ఈ రెండణాలు చట్టబద్ధమైనవి. బంట్రోతుకు మజ్జిగ, మునసబు ఇంట్లో అతని భోజనానికి రైతు ఇంటి నుంచి పోయిన శేరు బియ్యం, పోతూ పోతూ అతను అడిగిన పొగాకు ఏ గడిలోనూ పడవు.

గడువు తీరింది. జప్తు కాగితం ఒకటి పొలంలో కర్రకు కట్టి పాతారు. బాకీ, వడ్డీ, ఖర్చులు ఫలానా తేదీలోగా కట్టకుంటే వేలం వేస్తామని అందులో ఉంది. జప్తు సంగతి పొలం మీదే చాటించాలి కాబట్టి తలారి గట్టు మీద నిలబడి తప్పెట కొట్టాడు. వినడానికి మన రైతు, ఇద్దరు గొర్రెల కాపర్లు, నేను, మీరు. ఆ తప్పెటకూ కూలి ఉంది.

మరొకడు కట్టి విడిపించే దారి ఒకటుంది. జప్తులో పడ్డ భూమి మీద హక్కు చెప్పుకునేవాడెవరైనా బాకీ, వడ్డీ, అప్పటిదాకా అయిన ఖర్చులు చెల్లించి భూమిని విడిపించవచ్చు. తాకట్టు పెట్టుకున్న సాహుకారు అయితే ఆ మొత్తాన్ని తన అప్పులో కలుపుకుంటాడు. కలుపుకోక తప్పదు కూడా. ఎందుకంటే శిస్తు బాకీకి వేలం పడ్డ భూమి మీద పాత తాకట్లేవీ నిలవవు, కొన్నవాడికి అది శుభ్రంగా పోతుంది. సర్కారు బాకీ ముందు తన పత్రం చిత్తు కాగితమవుతుందని తెలిసిన సాహుకారు కచేరీకి పరుగెత్తుకొస్తాడు. అంటే తాకట్టులో ఉన్న భూమికి కాపలావాడు ఉన్నాడు. మన రైతు ఎక్కడా అప్పు చేయలేదు, భూమి తాకట్టు లేదు. అతని కోసం కచేరీకి వచ్చేవాడు ఎవడూ లేడు. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడని విషయం.

"కలెక్టరు దొరకు అర్జీ పెట్టుకో," అన్నాడు కరణం. "అణా స్టాంపు చాలు."

నిజమే. 1870 కోర్టు రుసుముల చట్టంలో రెండో పట్టిక తీసి చూస్తే, సర్కారుకు నేరుగా శిస్తు కట్టే పట్టాదారు తన భూమి సంగతి మీద రెవిన్యూ అధికారికి పెట్టుకునే అర్జీకి ఒక్క అణా. చవకైన తలుపు ఇది ఒక్కటే. అయితే ఆ తలుపు కడపలో ఉంది. రాయచోటి నుంచి ముప్ఫై మైళ్ళ పైచిలుకు, మధ్యలో గువ్వలచెరువు కనుమ. రైతు సద్దిమూట కట్టుకుని తెల్లవారుజామున బయలుదేరాడు. కనుమ చేరేసరికి ఎండ నెత్తి మీద ఉంది. దారి పొడుగునా మిరపకాయల బండ్లు, చింతపండు మోసే గాడిదలు, కడప కోర్టుకు పోయే మరో ముగ్గురు. వాళ్ళలో ఒకడు నాలుగోసారి పోతున్నాడట, వాయిదా మీద వాయిదా.

కడపలో అర్జీ రాసేవాడికి రెండణాలు. స్టాంపు అణా. రాత్రి సత్రం అరుగు. పొద్దున కచేరీకి పోతే దొర క్యాంపులో ఉన్నాడన్నారు. జిల్లా తిరగడం కలెక్టరు ఉద్యోగంలో భాగమే. ఎండలు ముదిరితే కొండ మీదికి చేరడమూ ఆ జిల్లాలో కొత్త కాదు. ఒకప్పటి కడప కలెక్టరు హార్స్‌లీ ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నాడు, ఇప్పుడు ఆ కొండకు ఆయన పేరే ఉంది. గుమాస్తా అర్జీ తీసుకున్నాడు, నంబరు వేశాడు. వారం పది రోజుల్లో జవాబు వస్తుందన్నాడు. వచ్చింది కూడా. అర్జీ వెనక ఒక వాక్యం రాసి ఉంది, తహశీల్దారు విచారించవలసిందని. ఏ తహశీల్దారు నోటీసు మీద ఫిర్యాదో ఆ తహశీల్దారే.

1855 నాటి ఆ ముగ్గురు సభ్యులు రైతులు ఎందుకు ఫిర్యాదు చేయరని అడిగి కారణాలు రాశారు. కలెక్టరు ఉండే చోటు దూరం, పోవడానికి ఖర్చు, అక్కడ పడిగాపులు, ఇంతా చేస్తే అర్జీ తిరిగి తహశీల్దారుకే వస్తుందన్న భయం. ఆ నివేదిక అచ్చయి ముప్ఫై మూడేళ్ళయింది.

రైతు కడపకు మళ్ళీ పోయాడు, ఈసారి వకీలు దగ్గరికి. వకీలు గారి వరండాలో చాప మీద కూర్చున్నాడు. ఆయన మంచివాడే. తలపాగా పక్కన పెట్టి ఓపిగ్గా చెబుతున్నాడు, మనమూ విందాం.

"శిస్తు ఎక్కువ వేసినారని దావా వేస్తానంటావా? అది నడవదప్పా. శిస్తు ఎంతనే సంగతి కోర్టు ముట్టరాదు, 58వ సెక్షను. జప్తూ వేలమూ పద్ధతి తప్పి జరిగిందంటావా, అది వేరే మాట. 59వ సెక్షను కింద కోర్టుకు రావచ్చు. ఆరు నెలల్లోగా రావాల."

"వస్తా సామీ."

"ఎవరి మీద వేస్తావు?"

"తాసిల్దారు మీద."

వకీలు నవ్వాడు. "ప్రతివాది సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఫర్ ఇండియా ఇన్ కౌన్సిల్. లండన్‌లో ఉంటాడు. ఆయన మీద దావా వేసే ముందు రెండు నెలల నోటీసు ఇచ్చుకోవాల, సివిల్ ప్రొసీజర్ కోడు 424. ఆరులో రెండు దానికే పోతాయి."

ఆయన పలక లాంటి అట్ట మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాడు. వేలం అయ్యాక భూమి తిరిగి ఇప్పించమని దావా వేయాలి. శాశ్వత జమాబందీ కాని రైతువారీ భూమి కనుక దావా విలువ ఏటి శిస్తుకు అయిదు రెట్లు. ఎనిమిది అయిదులు నలభై రూపాయలు. నూరు లోపు దావాకు అయిదు రూపాయలకు ఆరణాల చొప్పున స్టాంపు, అంటే ఎనిమిది ఆరులు నలభై ఎనిమిది అణాలు, మూడు రూపాయలు. వకాల్తునామాకు ఎనిమిదణాలు. మూడున్నర ఇక్కడికే అయింది. మధ్యలో కోర్టుకు పెట్టే ఒక్కో అర్జీకీ రుసుము. కచేరీ కాగితాల నకళ్ళకు స్టాంపు. సమన్లకు రుసుము. సాక్షులకు రానూపోనూ బత్తా, కోర్టులో ముందుగా కట్టాలి. సాక్షి ఎవరు? కరణం. నోటీసు సరిగా ఇచ్చారో లేదో చెప్పవలసినవాడు అతనే, సర్కారు జీతగాడూ అతనే. తన ఫీజు సంగతి వకీలు చివరిదాకా ఎత్తలేదు. మర్యాదస్తుడన్నాను కదా.

"గెలిస్తే ఇవన్నీ తిరిగొస్తాయా సామీ?"

"కోర్టు ఇప్పిస్తే వస్తాయి. ఓడితే మాత్రం సర్కారు వకీలు ఖర్చు గూడా నీ మీదే వేస్తారు."

నాలుగు రూపాయల బాకీ. కోర్టు గడప తొక్కడానికే మూడున్నర. దావా ముగిసేసరికి ఎంతవుతుందో వకీలు చెప్పలేదు, రైతు అడగలేదు. లేనివాళ్ళకు వేరే దారి ఉంది, పాపరు దావా. దావా రుసుము కట్టే స్తోమత లేదని రుజువు చేసుకుంటే స్టాంపు లేకుండా దావా తీసుకుంటారు. ఆ లేమి రుజువుకు ఒక విచారణ. దానికి సర్కారు వకీలుకు నోటీసు పోతుంది. ఈయనకు ఆస్తి ఉందని ఆయన వాదించవచ్చు. ఓడితే అప్పుడు మినహాయించిన స్టాంపు రుసుము మెడకు చుట్టుకుంటుంది.

కోర్టుకు రుసుము ఎందుకంటే, లేకపోతే జనం అబద్ధపు దావాలతో కోర్టులు నింపేస్తారన్నది సర్కారు పాత వాదన. మెకాలేను మన దేశంలో మెచ్చుకునేవాళ్ళు తక్కువ, నేనూ వాళ్ళలో లేను. కానీ 1830లలో కలకత్తాలో కూర్చుని ఆయన ఈ వాదనను ఎగతాళి చేసిన తీరు సరైనది. రుసుము అబద్ధపు దావాను ఆపినంతగానే నిజమైన దావానూ ఆపుతుంది. డబ్బున్న అబద్ధాలకోరును అసలు ఆపదు. ఆయన మాట గాలికి పోయింది, రుసుము మిగిలింది. 1870 చట్టం దానికి వరసగా పట్టికలు కట్టింది.

వకీలు చివరగా ఒక సంగతి హెచ్చరించాడు. మొండికేసి కూర్చుంటే మనిషిని జైలుకు పంపే అధికారం కూడా చట్టంలో ఉంది. యాభై రూపాయలకు మించని బాకీకి మూడు నెలలు, అయిదు వందలకు మించనిదానికి ఆరు నెలలు, ఆ పైన రెండేళ్ళ దాకా. "జైలుకు పోతే బాకీ తీరినట్టేనా?" అని రైతు ఆశగా అడిగాడు. తీరదు. జైలు వల్ల బాకీ రద్దు కాదని అదే సెక్షనులో ఉంది.

వేలం నోటీసు నెల ముందే అంటించారు. కలెక్టరు ఆఫీసులో ఒకటి, తాలూకా కచేరీలో ఒకటి, దగ్గరి పోలీసు ఠాణాలో ఒకటి, పొలంలో ఒకటి. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. పొలంలో అంటించిన ఇంగ్లీషు కాగితాన్ని ఎవరు చదవాలని అనుకున్నారో నాకు తెలియదు. గాలివానకు అది రెండో వారంలోనే చిరిగింది.

వేలం నాడు రాయచోటి కచేరీ ఆవరణలో వేపచెట్ల కింద జనం బాగానే ఉన్నారు. చాలామంది కొనడానికి రాలేదు, అమ్ముడుపోవడానికి వచ్చారు. తహశీల్దారు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన షరాబు రూపాయిని రాతి మీద మోగించి చూస్తున్నాడు. గుమాస్తా షరతులు చదివాడు. పాట దక్కించుకున్నవాడు నూటికి పదిహేను అక్కడికక్కడే కట్టాలి, మిగతాది ముప్ఫై రోజుల్లో. కట్టకపోతే బయానా పోతుంది, భూమి మళ్ళీ వేలం. బాకీ, వడ్డీ, జప్తు ఖర్చులు, వేలం ఖర్చులకు సరిపడేంత భూమే అమ్మాలి, వీలైనంత వరకు. మన రైతుది ఉన్నదే ఒక సర్వే నంబరు. చీల్చి అమ్మడం వీలుకాదని కరణం ముందే రాసి పంపాడు.

గుమాస్తా రైతు పేరు చదివాడు. సర్వే నంబరు చదివాడు. బాకీ మూడున్నర, వడ్డీ, డిమాండు బత్తా, జప్తు, తప్పెట, నోటీసులు కలిపి మరో ఎనిమిదణాలు. నాలుగు రూపాయలు. ఫాల్గుణంలో బంట్రోతు చేతి కాగితంలో ఉన్న అంకే మళ్ళీ వచ్చింది. ఈ మధ్యలో రెండు మేకలు, ఒక బిందె, రెండుసార్లు కడప ప్రయాణం ఖర్చయిపోయాయి.

"పాట?"

ఎవరూ పలకలేదు. మెట్ట భూమి, ఎండిన బావి, ఏటా ఎనిమిది రూపాయల శిస్తు. కొన్నవాడు రేపటి బాకీదారు. గుమాస్తా మూడుసార్లు పిలిచాడు. తహశీల్దారు తలూపాడు. సర్కారే కొనుక్కుంది.

ఇది ఆ కచేరీలో వింతేమీ కాదు. బొంబాయి గవర్నరు కౌన్సిల్లో సభ్యుడిగా పనిచేసిన అలెగ్జాండర్ రోజర్స్ మద్రాసు రాజధాని లెక్కలు తీసి ఇండియా ఆఫీసు ముందు పెట్టాడు. 1879-80 నుంచి 1889-90 దాకా పదకొండేళ్ళలో శిస్తు బాకీ కింద 8,40,713 మంది భూమి వేలం పడింది. మొత్తం 19,63,364 ఎకరాలు, మనిషికి సగటున రెండెకరాల చిల్లర. అందులో పాడేవాళ్ళు లేక సర్కారే తీసుకున్నది 11,74,143 ఎకరాలు, సగానికి పైగా. రమేశ్ చంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో ఈ అంకెలను వదలకుండా పట్టుకున్నాడు. శిస్తు భారం ఎక్కువని దత్తు వాదన. నేను ఆ లెక్కను ఇంకో వైపు నుంచి చూస్తాను. 8,40,713 మందిలో ఒక్కొక్కరికీ ఒక డిమాండు నోటీసు, ఒక బత్తా, ఒక జప్తు, ఒక తప్పెట, నాలుగు చోట్ల అంటించిన వేలం నోటీసు. కొనేవాడు లేని భూమిని అమ్మడానికి అయిన ఖర్చంతా ఆ భూమి పోగొట్టుకున్నవాడి పద్దులోనే రాశారు.

గుమాస్తా పుస్తకంలో ఆ నంబరు ఎదుట సర్కారు అని రాసి, ఇసక చల్లి, పేజీ తిప్పబోయాడు. రైతు మేజాబల్ల దగ్గరికి వచ్చాడు.

"సామీ, కొన్నది సర్కారే గదా. మరి ఈ వేలం ఖర్చు ఎవరి మింద?"

"నీ మిందే," అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా. "బాకీ ఎవరిదో వాళ్ళ మిందే."